మేనత్త పట్టిన పొడుం

హ్వెజా
14 జూలై 1996

చెల్లీ సెకెసాయీ,

పెద్దన్నయ్య నీకిచ్చిన మాట నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. ఆ ఏడు వానలు ముందొచ్చాయి. నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇంటికి పెద్ద జరవాజానే. నువ్వు గొడ్ల కొట్టం గుంజ పట్టుకుని ఏడుస్తుంటే నీ ముందు చతికిలబడి, "ఈ ఒక్క పంటకీ కలుపు తియ్యవే. కోతలు కాగానే నేనే నిన్ను మిషన్ బడిలో దింపుతాను" అన్నాడు. నువ్వు తీశావు. కోతలయ్యాయి. ఆయన నిన్ను దింపింది కొట్టువాడు మషావా ఇంట్లో, మూడో భార్యగా.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, కూతురు మైదెయిని జనవరిలో, పట్నంలో నువ్వు నడిపే ఆడపిల్లల హాస్టలుకు పంపడానికి పెద్దన్నయ్య ఒప్పుకున్నాడని పోయిన ఉత్తరంలో ఎగిరి గంతేస్తూ రాశావు. అదే మనిషి, అదే నోరు. మధ్యలో కొన్ని పళ్లు ఊడాయి, అంతే తేడా.

పిల్ల మాత్రం నువ్వు అనుకున్నదానికంటే బాగుంది. జరవాజాకు వయసు మళ్లాక పుట్టిన కడపటి కూతురు కదా, ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే దాని అదృష్టం. నీళ్లకని బయల్దేరి కొండ దాటి మా ఇంటికొస్తుంది. లెక్కలు అరగంట, ఇనప మీటల ఎంబీరా వాయించడం రెండు గంటలు. నేను ముందుపాట ఎత్తుకుంటే వెనకపాట అందుకుంటుంది. మీటల మీద దాని ఎడమ బొటనవేలు పడే తీరు చూస్తే నువ్వే గుర్తొస్తావు. పోయిన మన తాత ఆత్మను పిలిచే పాట కూడా నేర్పేశాను. ఇప్పుడు ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్లం భూమ్మీద ముగ్గురం: నేను, నువ్వు, మైదెయి. ఎంబీరాను దయ్యాల ఇనుము అని చెప్పి నా చేతి వేళ్ల మీద బెత్తంతో కొట్టిన మిషన్ హెడ్మాస్టరు బతికుంటే ఈ పిల్లను తీసుకెళ్లి ఆయన ముందు కూర్చోబెట్టేవాణ్ణి. బతికి లేడు. నేను లెక్క తేల్చుకోవలసినవాళ్లంతా నాకంటే ముందే పోతున్నారు.

ఊళ్లో సంగతులు బాగా లేవు. జరవాజా కొడుకులు ఇద్దరు ఏడాది తిరక్కుండా పోయారు, తెలుసుగా. ఇద్దరూ చిక్కి, దగ్గి, మంచాన పడి. ఆ జబ్బు పేరు ఆసుపత్రి నర్సుకు తెలుసు, నాకు తెలుసు, పాతిపెట్టినవాళ్లందరికీ తెలుసు. కానీ జరవాజా దానికి వేరే పేరు పెట్టాడు. మన తాత వయసులో ఉన్నప్పుడు పారలమ్ముకునే బాటసారిని గొడ్డలితో చంపాడని అంటారే, ఆ చచ్చినవాడి ఆత్మ పరిహారం అడుగుతోందట. వాడి వాళ్లు ఏటి అవతల మురంబీవా ఇంటివాళ్లు. పూర్వం ఇలాంటిదానికి పశువులతోపాటు ఒక ఆడపిల్లను కూడా ఇచ్చేవారు. చట్టం దాన్ని మన నాన్న రోజుల్లోనే ఆపింది కాబట్టి ఇప్పుడు పశువులతోనే పోతుందనుకుంటున్నాను.

చెదలు నా విజ్ఞాన సర్వస్వంలో రెండు సంపుటాలు తినేశాయి. రోమన్ల చరిత్ర జోలికి పోలేదు. చెదలకు కూడా అభిరుచి ఉంటుంది కాబోలు.

శనివారాలు ఆ హోటల్లో, తింటున్న తెల్లవాళ్ల ముందు వాయించడం ఇంకా మానలేదని విన్నాను. తాతలను పిలిచే వాయిద్యం వేపుడు కోడికి తోడుగా మోగుతోందన్నమాట.

మీ అన్న
మరూఫు

*

ఎంబారే, హరారే
2 ఆగస్టు 1996

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత కోపమొచ్చింది, తర్వాత ఆకలేసింది. నీ ఉత్తరాలు ఎప్పుడూ ఇంతే.

వేపుడు కోడి అన్నావు. ఆ కోడి వల్లే మా పిల్లలు చిక్కుళ్లు తింటున్నారు, ఫీజులు కడుతున్నారు. చర్చి వెనక హాల్లో రోజూ సాయంత్రం నా ఆడపిల్లలు వాయిస్తుంటే నువ్వొకసారి చూడాలి. గొక్వే ఊరి నుంచి వచ్చిన పిల్ల మొదట మీటలు పడక ఏడ్చేది, ఇప్పుడు మిగతావాళ్లని తిడుతోంది. మొన్న ఒకళ్ల నాన్న వచ్చి, ఆడవాళ్లు నెలసరిలో ఎంబీరా ముట్టుకుంటే తాతలు మొహం తిప్పుకుంటారని గోల చేశాడు. "ఆ తాతలందర్నీ కన్నది ఎవరు నాయనా?" అన్నాను. మనిషి టోపీ కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు.

జరవాజా మీద నీ కోపం నాకు తెలుసు. కానీ ఒకటి చెప్పనా? మషావా ఇంటి నుంచి నాకు బదులుగా వచ్చిన పశువులెక్కడికి పోయాయి? నువ్వు మిషన్ బడికి పోయావు. నీ రోమన్లు, నీ సంపుటాలు, ఇంగ్లీషులో నువ్వు తిట్టే తిట్లు, అన్నీ ఆ గొడ్లే. నేను అక్షరాలు నేర్చుకుంది మొగుణ్ణి వదిలేసి వచ్చి, ముప్పై దాటాక. ఈ మాట నేను ఎప్పుడూ అనలేదు. నువ్వు మొదలుపెట్టావు కాబట్టి అన్నాను. మళ్లీ అనను.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం పెద్దన్నయ్య ఇక్కడికొచ్చాడు. బస్సు దిగి, చంకలో కోడిపెట్టతో. ఎంత చిక్కిపోయాడో. నా స్టూలు మీద కూర్చుని కొడుకుల పేర్లు చెప్పుకుని ఏడ్చాడు. పిల్లల గదిలోకి తీసుకెళ్తే మైదెయి కోసం ఉంచిన మంచం మీద చెయ్యి పెట్టి చూసి, "పరుపు కూడానా?" అన్నాడు. తర్వాత, సెప్టెంబరులో ఇంట్లో తెల్లవార్లూ వాయించే బీరా కొలువు పెడుతున్నానని, తాతను పిలిచి, పిల్ల పట్నం పోతోందని చెప్పి కాపాడమని అడగాలని అన్నాడు. ముందుపాట నన్ను ఎత్తుకోమన్నాడు. నన్ను, అన్నయ్యా! చిన్నప్పుడు నా ఎంబీరాను రోకటితో పగలగొట్టిన మనిషి.

నువ్వు రాసిన పరిహారం గురించి కూడా అడిగాను. పశువులిచ్చి సర్దుకుంటున్నారట. ఈ కాలంలో పిల్లల్ని ఎవరిస్తారు? అయినా నేను మేనత్తని. మేనత్త ఒప్పుకోకుండా మనలో ఆడపిల్లను బడికి గాని మొగుడింటికి గాని ఎవరూ గడప దాటించలేరు. నేనున్నాను, నువ్వు భయపడకు.

నువ్వు వెనకపాట అందుకుంటావా? మనం కలిసి వాయించి ఎన్నేళ్లయిందో.

నీ చెల్లెలు
సెకెసాయి

*

హ్వెజా
5 సెప్టెంబరు 1996

సెకెసాయీ,

రావద్దు.

బీరాలో వాయించమని నన్నూ అడిగారు, కాదన్నాను. వచ్చినవాళ్లలో మండీజా ఉన్నాడు. తాత ఆత్మ పూనేది వాడికే కాబట్టి ఈమధ్య ఊళ్లో వాడికి కుర్చీ లేనిదే ముద్ద దిగడం లేదు. వాడూ జరవాజా కలిసి ఏటి అవతలికి మూడుసార్లు వెళ్లొచ్చారు. పశువులను మాత్రం ఎవరూ తోలుకెళ్లలేదు.

వాళ్లకు నీ వాయింపు అక్కర్లేదు. వాళ్లకు మేనత్త కావాలి. ఇది రెండుసార్లు చదువు.

ఇంతకంటే రాయలేను. ఉత్తరం కొట్లో ఇవ్వాలి. కొట్టు జరవాజా అల్లుడిది, అక్కడ ఏ కవరుకూ జిగురు నిలవదు.

మరూఫు

*

ఎంబారే
24 సెప్టెంబరు 1996

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. నా వాయింపు అక్కర్లేదట. మేనత్తగా వచ్చి బీరు కుండల దగ్గర కూర్చుంటే చాలట. ఈ మాట ఊళ్లో ఎవరన్నా పడేదాన్నే. నాకు మొదటి మీట మీద వేలు పెట్టించింది నువ్వు. నువ్వే అన్నావు.

అందుకే వచ్చాను. వచ్చి మీ ఇంటికి రాలేదు. బస్సు దగ్గర వాళ్లు ఎదురొచ్చారు, అలాగే పోయాను. నువ్వు తలుపు తీసుకుని వస్తావనుకున్నాను. రాలేదు.

వినకపోతే నీకే నష్టం. ఇల్లంతా జనం, రాగి బీరు బాగా పులిసింది, గింజల బుర్రలు ఆడించేవాళ్లకి చేతులు పడిపోయాయి గాని నాకు పడలేదు. తెల్లవారుతుండగా తాత పాట ఎత్తుకున్నాను. ఆ పాట నీ దగ్గర నేర్చుకున్నప్పటికంటే బాగా వచ్చింది, ఒప్పుకోకపోతే మానెయ్. మండీజా వణికి, గుర్రుమని, నల్లబట్ట కప్పుకుని లేచాడు. వచ్చాడన్నయ్యా తాత. నా వేళ్లకి వచ్చాడు. ఆడదాని వేళ్లకి.

తాత మాట్లాడుతుంటే వాయింపు ఆపొద్దని, మెల్లగా సాగిస్తూనే ఉండమని పెద్దన్నయ్య ముందే చెప్పాడు. అలాగే సాగించాను. తాతది ఆ పాతకాలపు మాట, సగం అర్థం కాదు, సగం బుర్రల చప్పుడులో పోయింది. మైదెయి పేరు వినబడింది, ఏరు వినబడింది. తర్వాత తాత నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. అందరూ చేతులు తట్టారు. అరచేతిలో పొడుం పోసి నాకు చాచాడు. ఏ ఆడవాయిద్యగత్తెకి ఇచ్చారు ఇంతవరకూ? నేను మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ పట్టి తీసుకుని పీల్చాను. కళ్లలో నీళ్లొచ్చాయి. అందరూ కేరింతలు కొట్టారు. పెద్దన్నయ్య నేల మీద పడి మొక్కాడు.

మైదెయి మాత్రం గోడ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. దగ్గరికి పిలిచి తల నిమిరాను. మంచం సిద్ధంగా ఉందని, యూనిఫాం కుట్టించానని చెప్పాను. నీలిరంగు. కొంచెం పొడుగు ఉంచమన్నాను, పెరిగే పిల్ల కదా. జనవరి దాకా ఎందుకు, వచ్చే నెలలోనే పంపుతానన్నాడు పెద్దన్నయ్య.

నీ మీద కోపం తగ్గింది. గెలిచినవాళ్లకి త్వరగా తగ్గుతుంది.

సెకెసాయి

*

హ్వెజా
13 అక్టోబరు 1996

సెకెసాయీ,

యూనిఫాం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి.

మైదెయిని మొన్న గురువారం మురంబీవా ఇంటికి ఇచ్చారు. ఈ ఉత్తరం కొట్లో ఇవ్వడం లేదు, నర్సు చేతికిచ్చి పంపుతున్నాను. కాబట్టి ఈసారి అన్నీ రాస్తాను.

ఆ తెల్లవారుజామున మండీజా ఏమడిగాడో నీకు వినబడలేదు కాబట్టి చెబుతున్నాను. మర్నాడు అక్కడున్న ముసలివాళ్లలో ఇద్దరిని కూర్చోబెట్టి మాట మాట అడిగి తెలుసుకున్నాను. "మా చేతి నెత్తురు కడగడానికి ఈ పిల్ల ఏరు దాటాలి. పిల్ల మేనత్త ఇక్కడుంది. మేనత్తకు సమ్మతమైతే నా పొడుం పట్టాలి" అన్నాడు. నువ్వు పట్టావు. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో. ఇంతకంటే గట్టి సమ్మతి మన వంశంలో ఎవరూ ఇచ్చి ఉండరు.

తాత మాట్లాడుతుంటే ఎప్పుడైనా వాయిద్యం మోగుతుందా? ఆగిపోతుంది. సూది పడితే వినబడాలి. అది నీకు చిన్నప్పుడే చెప్పాను. ఈసారి మాత్రం మోగుతూనే ఉండాలని జరవాజా ఎందుకన్నాడో నీకు అనుమానం రాలేదు. ఎందుకు రాలేదంటే నీకు వాయించాలని ఉంది.

మా ఇంటి అరుగు మీద కూర్చుని నీ వాయింపు మొదటినుంచీ విన్నాను. అది నీ బొటనవేలే అని గుర్తుపట్టాను. నా ఉత్తరం చదివి, అంతా అర్థం చేసుకుని, ఎదిరించడానికే వచ్చావనుకున్నాను. మేనత్త నలుగురిలో లేచి "నేను ఒప్పుకోను" అంటుందని, దాంతో వాళ్ల ఆట కట్టిందని, తెల్లవారేదాకా ఎదురుచూశాను. కేరింతలు వినబడితే గెలిచావనుకున్నాను కూడా. తర్వాత వాకబు చేసి, నర్సుతో పోలీసులకు కబురు పెట్టాను. పిల్లను అప్పగించేది నెలాఖరుకని దాని తల్లి చెప్పింది. ఆమెకూ అలాగే చెప్పారు. నెల సగం కాకుండానే తీసుకుపోయారు.

పిల్లకు పట్నం పోతున్నావని చెప్పారు. పుస్తకాలు గుడ్డలో మూటగట్టుకుంది. ముందు మురంబీవా ఇంటి ఆడవాళ్లు, వెనక ఇది, దాని వెనక జరవాజా. దాని తల్లి పరుగెత్తుకొచ్చి నాకు చెబితే రేవు దగ్గరికి వెళ్లి అడ్డం నిలబడ్డాను. ఈ వయసులో, చేతికర్రతో. జరవాజా కోప్పడలేదు.

"ఇంటికి పో మరూఫూ. మేనత్త పొడుం పట్టింది, ఇంతమంది చూశారు. నువ్వు పిల్లకి బాబాయివి, ఇందులో నీ మాటెక్కడిది?"

"చట్టం ఉంది."

"చట్టం నా కొడుకులని లేపుతుందా?"

దీనికి నా పుస్తకాల్లో జవాబు ఉండే ఉంటుంది. చేతికర్ర అడ్డంగా చాచాను. మైదెయి నా వైపు, రేవు వైపు మార్చి మార్చి చూసి, "బాబాయ్, బస్సు ఇటు రాదు కదా" అంది. అంతే. ఇద్దరు మగవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. నాకు దెబ్బలేమీ తగల్లేదు, కంగారుపడకు, పడుతున్నావని కాదు.

పుస్తకాల మూట అవతలి ఒడ్డున వదిలేశారు. మర్నాడు వెళ్లి తెచ్చుకున్నాను.

మరూఫు

*

ఎంబారే
16 ఫిబ్రవరి 1997

అన్నయ్యా,

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఏం రాయాలి? నువ్వు రాసినదంతా నిజమేనా అని మొదట రెండు వారాలు పడుకున్నాను. తర్వాత లేచి తిరిగాను.

పోలీసులు ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోమన్నారు. నేను పట్టు వదలకపోతే కాగితం మీద ఏదో రాసుకున్నారు. వాళ్లలో చిన్నవాడొకడు బయటిదాకా వచ్చి, "అమ్మా, ఆ ఊరికి జీపు వెళ్తే ఆత్మ వాళ్లింటి నుంచి మా ఇంటికొస్తుంది. ఎవరెళ్తారు?" అన్నాడు. మంచివాడే. భయస్తుడు.

ఆ తర్వాత నేనే వెళ్లాను. మురంబీవా ఇంటికి. మైదెయిని వాళ్ల నడిపివాడికి ఇచ్చారు, వాడికి ముందే ఇల్లాలుంది. నన్ను చూసి ఆ ఇంటివాళ్లు మర్యాదగానే కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు. వాళ్లకి నేను పిల్లనిచ్చిన మేనత్తని కదా.

మైదెయి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చేతులు తట్టింది, ఊరు కానివాళ్లకి చేసినట్టు. నెల తప్పింది అన్నయ్యా. ఆ పిల్లకి మొన్ననేగా పధ్నాలుగు దాటాయి. పక్కన వాళ్ల అత్తగారు కూర్చుని ఉంది కాబట్టి మెల్లగా అడిగాను, నిన్ను తీసుకెళ్లడానికి వచ్చాను, నాతో వస్తావా అని.

"అత్తయ్యా, నువ్వు పొడుం పట్టావు కదా" అంది.

గట్టిగా అనలేదు. నీళ్లు తోడారా అని అడిగినట్టు అంది. నాకు తెలియదే, నాకు వినబడలేదే అని చెప్పాను. తలూపింది. నమ్మిందో లేదో. ఎంబీరా ముట్టుకోనివ్వరట. పరాయి ఇంట్లో తను వాయిస్తే తన వాళ్ల తాతలొచ్చి కూర్చుంటారని భయం. సంకటి పళ్లెం కడిగి బోర్లించి దాని అంచు పట్టుకుని కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపూ రెండు బొటనవేళ్లూ ఆ అంచు మీద కదులుతూనే ఉన్నాయి. ఏ పాటో నాకు తెలిసింది. వెనకపాట. ముందుపాట లేకుండా ఒక్క వెనకపాటే.

బస్సెక్కి వచ్చేశాను. ఇప్పుడు హాల్లో పిల్లలు వాయిస్తుంటే బయట మెట్ల మీద కూర్చుంటున్నాను. గొక్వే పిల్లే వాళ్లకి నేర్పుతోంది. ఆ నీలం యూనిఫాం ఎవరికీ ఇవ్వలేదు.

నీ ఉత్తరంలో వాయిద్యం ఎందుకు ఆగలేదో రాశావు, నాకెందుకు అనుమానం రాలేదో రాశావు. నా బుద్ధి ఎలాంటిదో కూడా రాశావు. ఒక్కటి అడుగుతాను. "పిల్లని ఇచ్చేస్తారేమో, రా, వచ్చి కాదను" అని ఒక్క ముక్క నర్సు చేతికి అప్పుడే ఎందుకివ్వలేదు?

సెకెసాయి

*

ఎంబారే
19 జూలై 1998

అన్నయ్యా,

ఆ ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. అడగను. పెద్దన్నయ్య పోయినప్పుడు కూడా మనం సమాధి దగ్గర అటొకరం ఇటొకరం నిలబడ్డాం. ఇద్దరమే మిగిలాం, ఎన్నాళ్లు ఇలా?

మైదెయికి ఆడపిల్ల పుట్టిందని నీకు తెలిసే ఉంటుంది. హజ్వినెయి అని పేరు పెట్టిందట. "ఏం ఫరవాలేదు" అని. మొహం మీద అనలేని మాటని మనవాళ్లు పిల్లలకి పేరుగా పెట్టి రోజూ నలుగురి చేతా పలికిస్తారు కదా. ఆ మాట ఎవరికి పంపిందో ఆలోచిస్తుంటే నాకు నిద్ర పట్టదు.

పెద్దన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఆత్మని ఇంటికి తెచ్చే బీరా పెట్టాలి. మిగిలిన కొడుకులు నా దగ్గరికొచ్చారు. నువ్వు వాయించనన్నావట. తాత పాట లేకపోతే తాత రాడు, తాత వచ్చి దారి చూపకపోతే పెద్దన్నయ్య అడవిలోనే తిరుగుతాడు. మిగిలింది నేనే. వాళ్లేమంటున్నారంటే, వాళ్ల నాన్న ఇంటికొచ్చి మిగతా పెద్దల్లో కలిస్తే, ఆ తర్వాత మురంబీవా వాళ్లతో మాట్లాడి మైదెయిని రెండేళ్లు బడికి పంపమని అడుగుతారట. పెద్దవాడు నా చేతులు పట్టుకుని మాటిచ్చాడు.

నేను ఒక్కదాన్నే ఆ పాట ఎత్తుకోలేనన్నయ్యా. వేళ్లు మీటల మీదికి వెళ్తే ఆ పొడుం వాసనొస్తుంది. నువ్వు ముందుపాట ఎత్తుకో, నేను వెనక అందుకుంటాను. మైదెయి కోసం.

ఇంకొకటి. నీ ఉత్తరాల్లో అందరి తప్పులూ తేల్చావు. నా సంగతి ఇంకా తేల్చలేదు. నాదే అంటే నాదే అని ఒక్కసారి రాసెయ్యి. ఈ మధ్యలో వేలాడడం కంటే అదే నయం.

నీ చెల్లెలు

*

హ్వెజా
8 ఆగస్టు 1998

చెల్లీ,

పెద్దవాడు నీ చేతులు పట్టుకుని మాటిచ్చాడా? కూర్చునా, చతికిలబడా? వాడి తండ్రి చతికిలబడి ఇచ్చాడు. కోతలయ్యాక అన్నాడు ఆయన, బీరా అయ్యాక అంటున్నాడు వీడు.

వాళ్లు నా దగ్గరికీ ఇదే మూటతో వచ్చారు. వాయించనని నేను అనలేదు. వాళ్లు నీకు అబద్ధం చెప్పారు. నేనన్నది ఇది: ముందు మైదెయినీ దాని బిడ్డనూ తెచ్చి నా అరుగు మీద కూర్చోబెట్టండి. దాని పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, చెదలు పట్టకుండా బూడిద చల్లి ఉంచాను. అది ఆ మూట పట్టుకుని పట్నం బస్సెక్కాక ఆ సాయంత్రమే వాయిస్తాను, తెల్లవార్లూ వాయిస్తాను, మీ నాన్నను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెస్తాను. దానికి పెద్దవాడు, "బాబాయ్, ఇచ్చిన పిల్లని వెనక్కి తెస్తే ఇంకెంతమంది చస్తారు?" అన్నాడు. చిన్నవాడు దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఏమిటో వాడికి తెలుసు. పిల్లనిచ్చాక కూడా ఆ ఇంట్లో ముగ్గురు పోయారు, తండ్రితో కలిపి. పరిహారం ముట్టిన ఆత్మ ఇంకా ఎందుకు చంపుతోందని అడిగాను. అన్నదమ్ములు లేచి వెళ్లిపోయారు.

కాబట్టి విను. తాత పాట వచ్చినవాళ్లం ముగ్గురం. నేను వాయించను. మైదెయిని ముట్టుకోనివ్వరు. మిగిలింది నువ్వు. వాళ్లు పరుపుల మాట ఎత్తుతారు, ఏడుస్తారు, మైదెయి పేరు చెబుతారు. చేతులు ముడుచుకుని కూర్చో. నువ్వు వాయిస్తే జరవాజా పెద్దల్లో కలిసిపోతాడు, ఇక ప్రతి బీరాలోనూ మనమే ఆయనకు మొక్కాలి, హజ్వినెయి పెద్దదయ్యాక అదీ మొక్కాలి, మా అమ్మమ్మ ఇంటి పెద్దాయన అని. వాయించకపోతే ఆయన బయట ఉంటాడు. వానలొస్తున్నాయి, తడుస్తాడు. మైదెయి ఇంటికి రాని నాడు ఆయన ఎందుకు రావాలి?

పుస్తకాల్లో చదివాను, మొక్కిన మాటకు కూతుర్ని చంపుకున్న తండ్రులున్నారు, ఓడలు కదిలేలా గాలి వీచడం కోసం చంపుకున్నవాళ్లున్నారు. వాళ్లందరి తరఫునా ఎవరో ఒకరు పద్యాలు రాసి పెట్టారు, పాపం ఎంత బాధపడ్డాడో అని. జరవాజా బాధపడలేదని నేనూ అనను. నీ హాస్టల్లో పరుపు మీద చెయ్యి పెట్టినప్పుడు నిజంగానే బాధపడి ఉంటాడు. నాకు దానితో పని లేదు.

నీ సంగతి తేల్చమన్నావు. నువ్వు తెలివితక్కువదానివి. పొగడ్త అంటే చెవులు మూసుకుపోతాయి, చిన్నప్పటినుంచీ అంతే. కానీ గొడ్ల కొట్టం దగ్గర కలుపు తీస్తానన్న పిల్లకూ, తెల్లవారుజామున పొడుం పట్టిన ముసలిదానికీ తేడా ఏమీ లేదు. ఇద్దరికీ చెప్పింది ఒకడే, ఇద్దరూ నమ్మారు. నమ్మినవాళ్లను నేను శిక్షించను. ఆ గొడ్ల సంగతంటావా, నేను అడిగి తెప్పించుకున్నవి కావు.

మెట్ల మీద కూర్చోవడం మాని లోపలికి పో. గొక్వే పిల్లకు వేళ్లు ఎంత బాగున్నా మెళకువలు తెలియవు, వాళ్లందరికీ తప్పులు నేర్పేస్తుంది. తాత పాట మాత్రం నేర్పకు. ఆ యూనిఫాం మడత పెట్టి ఉంచు.

మీ అన్న
మరూఫు

తా.క. ఆ బిడ్డ ఎప్పటికైనా నీ గడపకు వస్తుంది. వచ్చి, మా అమ్మను ఏరు దాటించింది ఎవరని అడుగుతుంది. ఆత్మ అనకు, తాత అనకు. మండీజా పేరు చెప్పకు, వాడు ఉత్త నోరు. మురంబీవా పేరు చెప్పకు, నీ పేరు చెప్పకు. నేను బతికున్నంతకాలం చెప్పే పేరు ఒక్కటే, నువ్వూ అదే చెప్పు: జరవాజా.